మా యారాలికి ఆఖరి తానం

మా యారాలు పోయిందన్న కబురు నాకు నెక్కొండలో తెలిసింది. అమ్మకు జ్వరమంటే చూసిపోదామని వెళ్ళి అక్కడే ఉండిపోయాను. పొద్దున్నే మరిది వరుసాయన ఒకడు రైలు దిగి నేరుగా ఇంటికొచ్చాడు.

"వదినా, పెద్దొదిన పోయింది. తెల్లారంగ పానం పోయింది. నువ్వొచ్చెదాక తానం ఆపిండ్రు. జర జల్ది నడువు."

ఎట్లా పోయిందని అడగాలి కదా. నేను అడిగింది అది కాదు. "ఆపుమని ఎవలన్నరు?" అన్నాను.

"ఆమెనే అన్నదట."

నేను చీర మార్చుకుని బయల్దేరాను. ఎందుకట్లా అడిగానో తెలియాలంటే మా ఇద్దరి సంగతి కొంత చెప్పాలి.

యారాలంటే తోటికోడలు. ఆమె మా బావగారి భార్య, నాకంటే పెద్దది. అక్కా అనేదాన్ని. డెబ్బైల మొదట్లో నేను కాపురానికి వచ్చేసరికి వరంగల్‌లో మా వాడంతా మగ్గాలే. ఆమె అప్పటికే వాడకంతా కావలసిన మనిషి. పురిటికి మంత్రసాని ఎట్లాగో, ఆడమనిషి పోతే ఆఖరి స్నానం, మా మాటలో తానం, చేయించడానికి మా అక్క అట్లాగ. ఆ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. మా అత్తగారు పోయినప్పుడు చేసింది, బాగా చేసిందన్నారు, అంతే, ఇంక ఎవరింట్లో ఏం జరిగినా ఆమె కోసమే వచ్చేవాళ్ళు. రెండో మనిషి లేకుండా ఆ పని కాదు గనుక నన్ను వెంట తీసుకెళ్ళేది. నాకు భయమా అని అడగను కూడా అడగలేదు.

ఆమె పద్ధతులు ఆమెవి. నీళ్ళు మోచేతి మీద పోసుకుని చూసేది. చచ్చినోళ్ళకు వేడేంది, చల్లనేంది అని ఒకావిడ అంటే, "నీకు పోసిన్నాడు చూద్దాం తియ్యి," అంది. పీనుగ అన్న మాట ఎవరి నోట వచ్చినా ఊరుకునేది కాదు. "రాత్రి దాక అత్తనే గదా. తెల్లారెసరికి పీనుగెట్లయింది?" అనేది. స్నానానికి మరుగ్గా చీరలు అడ్డం పట్టుకున్న ఆడవాళ్ళలో ఎవరైనా గొంతెత్తితే, "ఏడ్సుడు బయట. ఈడ పనున్నది," అనేది.

బట్ట సంగతి ఇంకొకటి. పోయినవాళ్ళకు కొత్త బట్టే కట్టాలి, అది నీళ్ళలో తడవకూడదు. ఆచారం అది. కానీ కొత్త బట్ట అంటే గంజి. నేసేవాళ్ళం, మాకు తెలియదా ఆ గరుకు. అందుకని ఆమె నీళ్ళు కాగేలోపు ఆ కొత్త చీరను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా నలిపేది. గంజి పొడిపొడిగా రాలిపోయి బట్ట పాత చీర అంత మెత్తనయ్యేది. ఆచారమూ తప్పలేదు, ఒంటికీ గుచ్చుకోలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది మాట. చనిపోయిన మనిషితో మాట్లాడుతూనే స్నానం చేయించాలి. "అత్తా, జర పక్కకు తిరుగు. తల మీద పోస్తాన, కండ్లు మూసుకో." అలా సాగేది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఒకసారి అడిగితే, "మాట్లాడకుంట పోస్తె అది తానం గాదు, ఎడ్లబండి కడిగినట్టు," అంది.

తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డారు. ఇంటి మధ్య గోడ వచ్చింది. గోడ వల్ల ఏమీ కాలేదు, మమ్మల్ని విడదీసింది వాన.

మా వాడలో మగ్గానికి ఎక్కించే నిలువు దారాలను, అదే పడుగును, వీధిలో గుంజల మధ్య సాగదీసి గంజి పెడతాం. ఆ పొద్దున వాళ్ళ పడుగూ మా పడుగూ రెండూ వీధిలోనే ఉన్నాయి. ఉన్నట్టుండి వాన దంచింది. ఆమె తన పడుగు చుట్టుకుని లోపలికి వెళ్ళింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. వచ్చి చూసేసరికి మాది పోగు పోగూ అంటుకుని ఉండకట్టింది. "ఒక్క మాట పిలిస్తె నోరు పోతదా?" అన్నాను. "పిలిచిన. నీకే ఇనరాలె," అంది. పిలవలేదని నేను, పిలిచానని ఆమె. అక్కడితో మాటలు బంద్. అన్నదమ్ములిద్దరూ సాయంత్రం కాగానే ఒకే హోటల్లో ఒకే బల్ల మీద చాయ్ తాగేవాళ్ళు. మేం మాత్రం గోడకు అటొకరం, ఇటొకరం.

అయితే చావులు ఆగవు కదా. మూల ఇంటి ముసలావిడ పోయినప్పుడు ఇద్దరినీ పిలిచారు. ఇద్దరం వెళ్ళాం. చెరో పక్క కూర్చున్నాం. కాసేపటికి ఆమె ముసలావిడతో అంది: "అత్తా, నీ నడుం పట్టెటోళ్ళు ఎటో చూస్తాండ్రు."

నాకు ఒళ్ళు మండింది. నేనూ ముసలావిడతోనే అన్నాను: "అత్తా, ఇటే చూస్తాన. నీళ్ళు సల్లగైతానయ్, ఊకె ముచ్చట్లు పెట్టకుమని చెప్పు."

చీరలు పట్టుకున్నవాళ్ళు నవ్వాపుకోలేక ముఖాలు తిప్పుకున్నారు. ఆ ముసలావిడ బతికుంటే మా ఇద్దరికీ చీవాట్లు పెట్టేది.

అది మొదలు మా మాటలన్నీ అట్లాగే. వాళ్ళ అమ్మాయికి రఘునాథపల్లి సంబంధం కుదిరిన సంగతి నాకు చెప్పింది ఒక మేనత్త వరుసావిడ తల తుడుస్తూ. "అత్తా, బిడ్డ పెండ్లి కుదిరింది. ఇంటోళ్ళను వేరే పిలువాల్నా?" అంది. "అక్కర లేదు గని అత్తా, పోరి సల్లగుండాలె," అన్నాను. పెళ్ళికి వెళ్ళాను, మాట్లాడకుండానే వడ్డించి వచ్చాను. వాడలో ఎవరూ పోని ఏడాది మాకు మాటలే లేవు. ఎవరైనా పోతే బాగుండని అనుకోవడం పాపమే, కానీ అనుకున్న రోజులున్నాయి.

ఇదంతా రైల్లో గుర్తొచ్చింది. ప్యాసింజరు ఎక్కడో పొలాల మధ్య ఆగిపోయింది. పొద్దు గూకేలోపు ఎత్తుకుపోవాలి. పెద్దమనుషులు ఎంతసేపని ఆగుతారు? ఎవరో ఒకరు కానివ్వండి అంటే నాలుగు చెంబులు కుమ్మరించి లేపుతారు. చల్లటి నీళ్ళు, గరుకు చీర. అది తలుచుకుంటే కూర్చోబుద్ధి కాలేదు. నిలబడితే రైలు నడుస్తుందన్నట్టు తలుపు దగ్గర నిలబడ్డాను.

నేను చేరేసరికి వాకిట్లో పాడె కట్టి ఉంది. బావగారు గోడకు ఆనుకుని కూర్చున్నారు. లోపల వాళ్ళ అమ్మాయి తల్లి తల దగ్గర కాపలా కాస్తున్నట్టు కూర్చుని ఉంది.

"ఇగ కానియ్యుండ్రి, పొద్దు పోతాంది," అన్నాడు కులపెద్ద.

"కొత్త చీర ఏది?" అన్నాను. తెచ్చిచ్చారు. దుకాణం చీర, అట్టలాగ ఉంది. నీళ్ళు మోచేతి మీద పోసుకున్నాను. చల్లగా ఉన్నాయి. "నీళ్ళు కాగలె," అని చెప్పి చీర ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను.

"గిప్పుడు చీర పిసుకుడేందమ్మా?" అన్నాడాయన.

నేను నలుపుతూనే ఉన్నాను. దుకాణం గంజి మొండిది, ఒక్కదాని చేతులకు లొంగడం లేదు. చీరలు అడ్డం పట్టుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే కూర్చుని తలా ఒక కొస తీసుకున్నారు. వాళ్ళందరి అమ్మలకో అత్తలకో ఆమె నలిపిందే. కులపెద్ద బయటికి వెళ్ళిపోయాడు.

నీళ్ళు కాగాయి, ఆమెను వాకిట్లోకి తెచ్చి చీరలు అడ్డం పట్టారు. చెంబు నిండా ముంచి ఆమె పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళూ మా మధ్య ఎవరో ఒకరు పడుకుని ఉండేవాళ్ళు, వాళ్ళ మీద పెట్టి మాట్లాడుకున్నాం. ఇప్పుడు మధ్యలో ఎవరూ లేరు. మాట్లాడితే ఆమెతోనే మాట్లాడాలి. మాట్లాడకుండా పోస్తే అది స్నానం కాదు. అడ్డం పట్టిన చీరల వెనక అందరూ ఎదురుచూస్తున్నారు. చెంబు నా చేతిలో అట్లాగే ఉంది.

వాళ్ళ అమ్మాయి మెల్లగా అంది: "చిన్నమ్మా, రాత్రి అమ్మకు మాట సరిగ రాకున్నా చెప్పింది. దాన్ని పిలువుండ్రి, అదొచ్చెదాక నాకు నీళ్ళు పొయ్యకుండ్రి అన్నది. రెండుసార్లన్నది."

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. మా అక్కకు నచ్చని పని. మోచేత్తో ముఖం తుడుచుకున్నాను.

"అక్కా," అన్నాను. "పిలిచినవంట గదా. ఈసారి ఇనవడ్డది. జర తల పక్కకు పెట్టు, పోస్తాన."

గోరువెచ్చటి నీళ్ళు ఆమె నుదుటి మీద నుంచి జారాయి. ఆ తర్వాత నేను ఆగలేదు. పడుగు సంగతి, పెళ్ళి భోజనాల సంగతి, ఆ పొద్దున రైలు ఆగిన సంగతి, అన్నీ చెబుతూనే పోశాను. పసుపు రాశాను, మెత్తబడిన చీర కట్టాను, బొట్టు పెట్టాను.

ఆమె వాకిలి నుంచి మా వాకిలి వైపు వీధి కాస్త వాలు. ఆమెను తీసుకుపోయాక బయటికొచ్చి చూస్తే, పసుపు కలిసిన ఆ నీళ్ళు సన్నటి చాలుగా వాళ్ళ పడుగు గుంజ దాటి, మా గుంజ మొదట్లో కాసేపు నిలిచి, ఇంకుతున్నాయి.