ఆపు అని ఎత్తిన చెయ్యి

తల్లి కుక్క నా చేతి సైగ మీదే చచ్చిపోయింది. పనికొచ్చిన పరాయి దేశంలో, సోహార్ పట్నం బయట మా లేబర్ క్యాంపు యార్డులో నీళ్ల ట్యాంకర్ ఆగి ఉంటే, అది బండి కింద నీడలో పడుకుంది. ట్యాంకర్‌ను వెనక్కి తీయాలన్నాడు డ్రైవర్. వెనక నిలబడి రమ్మని చెయ్యి ఊపింది నేను. సైట్‌లో నా పనే అది. క్రేన్ ఆపరేటర్లకూ బండ్ల డ్రైవర్లకూ చేతులతో దారి చూపే సిగ్నల్‌మన్‌ని. బండి కదిలే ముందు చుట్టూ తిరిగి, వంగి కిందకి చూడాలన్నది మాకు నేర్పిన మొదటి పాఠం. ఆ రోజు ఎండకు ఒళ్ళు బరువెక్కి వంగలేదు.

క్యాంపులో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు, అదే లేవలేదు, మనమేం చేస్తాం అన్నారు. నేనూ ఆ హారన్నే పట్టుకుని వేలాడాను. విని కూడా లేవలేదంటే తప్పు దానిది, నాది కాదు. అలా అనుకుంటేనే నాకు ముద్ద దిగేది.

మెస్ వెనక దానికి మూడు పిల్లలున్నాయి. రెండింటిని తోటల్లో పనిచేసే మనవాళ్ళు వచ్చి పట్టుకుపోయారు. మూడోది తెల్లది, ఒక కన్ను నీలం. పిలిస్తే పలకని పొగరుబోతని దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దాని తల్లి ఉసురు నాకే తగిలింది కాబట్టి పాలు పోసే పని కూడా నాదే అయింది.

మెస్‌లో వంట చేసేది మా జగిత్యాల వైపు పెద్దాయన. వరసకు ఎవరికీ ఏమీ కాడు గానీ క్యాంపు మొత్తానికీ కాకానే. ఒక సాయంత్రం ఆయన అన్నం గంజు తెచ్చి, ఆ పిల్ల వీపు వెనక నిలబడి గరిటెతో ఠంగుమని కొట్టాడు. నా చెవులు గింగురుమన్నాయి. అది తోక కూడా కదపకుండా చీమలను చూస్తూ కూర్చుంది.

"గిది చెవిటిది కొడుకా," అన్నాడు. "దీని తల్లికి గూడ ఇనబడకుంటుండెనో ఏమో."

ఆ రెండో మాట ఆయన మామూలుగానే అన్నాడు.  తల్లికి వినబడకపోతే ఆ హారన్ ఉన్నా లేనట్టే. అప్పుడు దాని ప్రాణం తీసింది నా వంగని నడుం ఒక్కటే.

అప్పటి నుంచి ఆ పిల్లకు చెవులు వినబడాలని నాకు పిచ్చి పట్టింది. స్టీలు పళ్ళెం మోగించాను. ఈలలు వేశాను. తాళాల గుత్తి ఆడించాను. ఒకసారి ఈల వేయగానే అది గిర్రున తిరిగి చూసింది. నేను ఎగిరి గంతేశాను. తీరా చూస్తే నా నీడ దాని ముందు పడింది, అంతే. రూమ్ వాళ్ళు చెవిటోని ముంగట శంఖం ఊదుతున్నావని నవ్వారు. వాళ్ళతో పాటు నవ్వి, బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

క్యాంప్ బాస్ మలయాళీ, చెడ్డవాడు కాదు. వచ్చే శుక్రవారం మునిసిపాలిటీ వాళ్ళను పిలిపించి కుక్కను ఇచ్చేస్తానన్నాడు. చెవిటి కుక్క ఈ యార్డులో ఇవాళ కాకపోతే రేపు టైరు కింద పడుతుందని, ఆ చావు తాను చూడలేనని హిందీలో చెప్పాడు. నేను రెండు చేతులూ పట్టుకుని బతిమాలాను. బండ్లకు అడ్డం రాకుండా నేర్పిస్తానన్నాను. చెవులు లేనిదానికి ఏం నేర్పుతావన్నాడు. చేతులతో అన్నాను. శుక్రవారం దాకా చూస్తానన్నాడు.

నాకు వచ్చిన విద్య అదొక్కటే కదా. చెయ్యి నిలువుగా ఎత్తి అరచెయ్యి చూపిస్తే ఆపు. వేళ్ళు నా వైపు ఊపితే రా. సైట్‌లో ఒక క్రేన్‌కు ఒక్కడే సిగ్నల్‌మన్, ఇంకెవడి సైగా చెల్లదు. ఆపు అన్న సైగ మాత్రం దారిన పోయేవాడు చూపించినా ఆపరేటర్ ఆపి తీరాలి. డ్యూటీ నుంచి రాగానే కోడి తోలు ముక్కలు జేబులో వేసుకుని కూర్చునేవాణ్ణి. మూడు రోజులకు చెయ్యి ఎత్తితే కూర్చోవడం నేర్చుకుంది. మా క్రేన్ ఆపరేటర్ కన్నా నయమని కాకా కూడా ఒప్పుకున్నాడు.

కానీ అది నా వైపు చూస్తేనే. మొహం పక్కకు తిప్పిందంటే నేను లోకంలో లేనట్టే. నేల మీద కాలితో కొడితే అదురుకు చూస్తుందేమో అనుకున్నాను, చూడలేదు. మా జనరేటర్ పగలంతా నేలను వణికిస్తూనే ఉంటుంది, ఆ పిల్ల పుట్టిందే ఆ వణుకులో. ఒక సాయంత్రం అది మెల్లగా నడుచుకుంటూ పోయి, తల్లి చచ్చిన చోటే, ఆగి ఉన్న బస్సు కింద పడుకుంది. గొంతు పగిలేలా అరిచాను. ఎవరి కోసం అరిచానో నాకే తెలియదు. వంగి, పాకి, కాలు పట్టి లాక్కొచ్చాను.

గురువారం నా వల్ల కాదనిపించింది. మునిసిపాలిటీ బండి ఎక్కించే కన్నా ఇదే మేలని, దాన్ని చంకన పెట్టుకుని సముద్రం ఒడ్డుకు పోయాను. చేపల వాళ్ళు ఏదో ఒకటి పడేస్తారు, బండ్లు కూడా ఉండవు. కింద దించాను. నా వెంటే వచ్చింది. వెనక్కి తిరిగి చెయ్యి ఎత్తాను. కూర్చుంది. చాలా దూరం నడిచి తిరిగి చూశాను. ఇసుకలో అలాగే కూర్చుని ఉంది. నేను నేర్పినందుకే కూర్చుంది. అంత సిగ్గు నా జన్మలో ఎన్నడూ పడలేదు. పరుగెత్తి వెళ్ళి ఎత్తుకున్నాను.

శుక్రవారం పొద్దున నీళ్ల ట్యాంకర్ వచ్చింది. అదే బండి, అదే డ్రైవర్. వెనక్కి తీయాలి, రమ్మని నన్నే పిలిచాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, నేల మీద పడుకుని మరీ చూశాను. పిల్లను మెస్ దగ్గర తాడుతో కట్టేసి వచ్చాను. వెనక నిలబడి రమ్మని చెయ్యి ఊపాను.

తాడు కొరికేసిందేమో, సగం ముక్క ఈడ్చుకుంటూ పక్క నుంచి తెల్లగా వచ్చింది. కళ్ళు నా చేతి మీదే. నేను ట్యాంకర్‌ను రమ్మంటున్నాను, అది తననే అనుకుని వెనక టైరు దారిలోకి వస్తోంది. చెయ్యి నిలువుగా ఎత్తాను.

ట్యాంకర్ ఆగింది. పిల్ల కూర్చుంది. టైరుకూ దానికీ మధ్య మూరెడు కూడా లేదు.

డ్రైవర్ ఇంజన్ ఆపి దిగి, చూసి, తల పట్టుకున్నాడు. ఆఫీసు మెట్ల మీద నుంచి క్యాంప్ బాస్ దిగి వచ్చాడు. ఇవాళ సరే, రేపు నువ్వు డ్యూటీకి పోతే దీనికి చెయ్యి ఎవరెత్తుతారని అడిగాడు. నేను ఇంకా చెయ్యి దించనే లేదు. దించితే ఏదో ఒకటి కదులుతుందని భయం.  పిల్ల కూడా కదలకుండా ఆ చేతినే చూస్తోంది.

కాకా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. గోధుమ పిండి అంటిన తన చెయ్యి నాలాగే నిలువుగా ఎత్తాడు.

"ఆపుమనే చెయ్యి ఎవలదైతేంది?" అన్నాడు. "నువ్వు డ్యూటీల ఉంటే నేనెత్తుత. ఇగ నీది దించు కొడుకా."

చెయ్యి దించాను. పిల్ల లేవలేదు. కాకా చెయ్యి చూస్తూ కూర్చుంది.