మద్దిలేటి చెవి, మూడు నిమ్మకాయలు

ఆళ్లగడ్డ మెకానిక్ మద్దిలేటికి బండిని కళ్లతో చూసి చెప్పడమంటే నామోషీ. అహోబిలం రోడ్డు పక్కన ఆయన షెడ్డు. చేతిలో పాన కింద పెట్టకుండా, వెనక్కి తిరక్కుండా చెప్పేస్తాడు: "అది డీజిలు, నాలుగు సిలిండర్లు, అహోబిలం జీపు. దానెనక వచ్చేది మూడు సిలిండర్ల ట్రాక్టరు. ఆ పటపటా టూ స్ట్రోక్ స్కూటరు, పెట్రోల్లో ఆయిలు ఎక్కువ కలిపినారు." అంతటి చెవిలో భార్య సుగుణమ్మ "అన్నానికి రా" అనే పిలుపు మాత్రం ఇరవై రెండేళ్లుగా పడలేదు. ఆమె గొంతు చించుకున్నా ఏదో ఒక ఇంజిను అడ్డం వస్తుంది పాపం!

ఆ చెవిని చూసి నంద్యాలలో స్పేర్ పార్టుల అంగడి నడిపే కాశీవిశ్వనాథం శెట్టికి కన్ను కుట్టింది. మద్దిలేటి ఒక మాట చెప్తే ఇక శెట్టి మాట ఎవరూ వినరు మరి. "కండ్లకు గంతలు కట్టుకోని మూడు బండ్లు ఏ రకమో చెప్పు. తప్పితే నీ మీసం తీసేయల్ల. చెప్పినావా, నాది తీస్తా" అన్నాడు. మద్దిలేటి మీసమంటే మాటలా! పొద్దున దానికి కొబ్బరినూనె పట్టించాకే ఆయన టీ తాగేది. అయినా "కట్టప్పా గంతలు!" అన్నాడు.

శెట్టి అంగడి ముందు జనం మూగారు. మొదటిది కారు. "డీజిలు." రెండోది ఆటో. "గ్యాసు. ప్లగ్గు మార్చల్ల." చప్పట్లు మోగాయి.

మూడోదానికి అంతా గప్‌చుప్. ఇంజిను మోత లేదు, పొగ వాసన లేదు, తోసేవాళ్ల అడుగుల చప్పుడూ లేదు. "ఏందప్పా, బండి వస్తాందా లేదా?" అంటే శెట్టి కిసుక్కున నవ్వాడు. మద్దిలేటి చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది.

అప్పుడు వినిపించింది. టప్. టప్ టప్. ముందు ఒకటి, వెనక రెండు. పుల్లటి వాసన ముక్కుకు గుప్పున కొట్టింది.

"నిమ్మకాయలు!" అని ఎగిరి గంతేశాడు. "కొత్త బండి. మూడు కాయలే పగిలినాయి, మూడు చక్రాలే. ఇంజినే లేదు. బ్యాటరీ ఆటో!"

శెట్టి ముఖం మాడిపోయింది. "ఎవర్రా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది?" అని గుడ్లురిమాడు.

"నేనే," అంది ఆయన భార్య వెంకటలక్ష్మి, చేతిలో హారతి పళ్లెంతో. "మీ పందెం మీరు కట్టుకోండి. కొత్త బండి నిమ్మకాయలు తొక్కకుండా ఎట్ల కదుల్తాది?"

మంగలిని పిలవండని జనం ఒకటే గోల. మద్దిలేటి గంతలు విప్పి, ఆటోకు చెవి ఆనించాడు. లోపల ఏ చప్పుడూ లేదు. జీవితంలో మొదటిసారి భయమేసింది. రేపు బండ్లన్నీ ఇలా నోరు మూసుకుంటే తన చెవి దేనికి?

"మీసం ఉంచుకో శెట్టీ. ఈ ఆటోను మాత్రం ఒక వారం నాకాడ విడువు. దీని కథేందో చూస్తా."

ఆళ్లగడ్డ షెడ్డులో ఆటో కింద దూరి, ఆన్ చేయించి చెవి పెట్టాడు. నిశ్శబ్దం. అందులోకి ఇంటివైపు నుంచి ఒక కేక వచ్చి పడింది.

"అన్నానికి రా!"

"వస్తాండా!" అన్నాడు మద్దిలేటి.

వంటింట్లో సుగుణమ్మ చేతిలో గరిటె ఠంగున కింద పడింది. ఇరవై రెండేళ్ల అలవాటు కొద్దీ ఆమె ఎప్పటిలాగే గంట ముందు పిలిచింది. బియ్యం ఇంకా కడగనే లేదు.