పాతాయనకీ కొత్తాయనకీ పోటీ

మా మామగారు జీవితంలో ఒక్కసారి తప్ప ఎవరి మీదా చెయ్యెత్తలేదు. అది మంచితనం అనుకుంటే పొరపాటే. బట్టల కొట్లో పరుపు మీద కూర్చున్నాక మళ్ళీ లేవాలంటే గుమస్తా వచ్చి చెయ్యందించాలి. అటువంటి మనిషి లేచి వెళ్ళి ఎవరిని కొడతాడు? అలాంటాయన, ప్రపంచంలో కల్లా గొప్ప బాక్సరెవరో తేల్చడానికి నడుం కట్టి, ఏళ్ళ తరబడి మా ఇంట్లో ఎవరినీ ప్రశాంతంగా అన్నం తిననివ్వలేదు.

డెబ్భయ్యో దశకం నడుమ నేను నిడదవోలుకి కోడలిగా వచ్చేటప్పటికే ఆ జబ్బు ముదిరి ఉంది. రెండో రోగి మా వదినగారి భర్త, అంటే ఆ ఇంటి అల్లుడు. నాకు అన్నయ్యగారు. బ్యాంకు ఉద్యోగి. ట్రాన్స్‌ఫరు మీద ఊళ్ళోకి వచ్చి, ఇల్లు దొరికేదాకా అంటూ పెళ్ళాం పిల్లలతో అత్తవారింట్లో దిగారు. ఇల్లు దొరకలేదు. వెతికితే కదా దొరకడానికి! పొద్దున్నే వేడినీళ్ళు, పదింటికి నేతితో భోజనం, సాయంత్రం టిఫిను, అన్నీ అల్లుడి హోదాలో జరిగిపోతుంటే ఎవరు మాత్రం గుమ్మం దాటి ఇల్లు వెతుక్కుంటారు?

మామగారిది పాత ఛాంపియన్ పార్టీ. యుద్ధం రోజుల్లో సరుకు కోసం కాకినాడ వెళ్ళినప్పుడు, మిలిటరీ వాళ్ళు తెర కట్టి వేసిన న్యూస్‌రీలులో అతన్ని చూశారట. ఎంతసేపు చూశారని నేనొకసారి అత్తగారిని అడిగాను.

"పక్కవాడు చుట్ట వెలిగించుకున్నంతసేపు. ఆ పొగ కళ్ళలో పడి సగం అదీ కనపళ్ళేదట" అందావిడ, పప్పు ఎనుపుతూ.

అన్నయ్యగారిది కొత్త ఛాంపియన్ పార్టీ. ఆయన ఆ మాత్రం కూడా చూడలేదు. బ్యాంకుకి వచ్చే ఇంగ్లీషు పత్రికల్లో బొమ్మలు కత్తిరించి, మా వదినగారి పెట్టె మూతకి లోపలివైపు అంటించుకున్నారు. ఆవిడ చీర తీసుకోవాలని పెట్టె తెరిచినప్పుడల్లా, చెమటలు కక్కుతూ ఒక మనిషి ఆవిడ ముక్కు మీదికి గుద్దుతూ ఉండేవాడు.

ఆ ఇద్దరు బాక్సర్ల పేర్లూ నాకు తెలుసు. ఇక్కడ రాయను. వినీ వినీ విసుగెత్తిపోయాను. ఇంట్లో ఆడవాళ్ళం వాళ్ళని పాతాయన, కొత్తాయన అనేవాళ్ళం. కొత్తాయన ఆటలోకి వచ్చేనాటికే పాతాయన గ్లవ్స్ విప్పేసి కాలం గడిచింది. ఆ ఇద్దరూ ఎదురుపడే వీలే లేదు. వీలు లేదు గనకే వీళ్ళిద్దరికీ అంత ధైర్యం. ఎవరేమన్నా కాదని రుజువు చేసేవాడు ఉండడు కదా!

కోడిగుడ్డు గుమ్మం తొక్కని ఇల్లు మాది. ఆవపెట్టిన పనసపొట్టు కూర కలుపుకుంటూ, పాతాయన పొద్దున్నే ఎంతేసి మాంసం ముక్కలు తినేవాడో మామగారు వర్ణించేవారు. అత్తగారు చెవులు మూసుకునేది.

"మా వాడి ఎడంచెయ్యి కనపడదండీ మామయ్యగారూ! తగిలాకే తెలుస్తుంది" అనేవారు అన్నయ్యగారు.

"కనపడకుండా కుట్టేది దోమండీ అల్లుడుగారూ. మా ఆయన చెయ్యి బాగా కనపడుతుంది. కనపడినా తప్పుకోలేరు, అదీ దెబ్బంటే!" అంటూ మామగారు ఎంగిలి చెయ్యి విసిరేవారు. పులుసు మెతుకులు వెళ్ళి గోడకి అతుక్కునేవి. తుడిచేది నేను.

మా వారినెవరైనా అడిగితే, "ఇద్దరూ గొప్పవాళ్ళేనండీ" అనేవారు. పెళ్ళైన కొత్తలో ఆ మాట విని నెమ్మదస్తుడనుకున్నాను. తరవాత తెలిసింది, ఆయనకి ఏ విషయంలోనూ, నా విషయంలో కూడా, అభిప్రాయమంటూ ఉండదని.

ఇంట్లో చాలక ఇది బజారుకెక్కింది. కొట్టుకి పంచెలు కొనడానికి వచ్చిన రైతులతో కూడా ఇదే గొడవ. ఒకాయన ఓపిగ్గా అంతా విని, "అది సరేనండి, ఇందులో డేగేదండి, కాకేదండి?" అని అడిగాడు. ఆయనకి తెలిసింది కోళ్ళ పందెమే, డేగ, కాకి అంటే అందులో పుంజుల రకాలు. నాకు ఆయనొక్కడే తెలివిగా మాట్లాడినట్టు అనిపించింది. మామగారు మాత్రం పంచె మడత పెట్టేసి, "నీకు చెప్పినా తెలీదులేవయ్యా" అన్నారు.

ఒక వేసవిలో అన్నయ్యగారు ఏదో పత్రిక పట్టుకొచ్చారు. అమెరికాలో వేరువేరు కాలాల బాక్సర్ల వివరాలన్నీ కంప్యూటరుకిచ్చి, వాళ్ళు తలపడితే ఎవరు గెలుస్తారో దాని చేత చెప్పించారట.

"కంప్యూటరంటే ఏంటండీ?" అని అడిగింది అత్తగారు.

"మనిషికన్నా తెలివైన యంత్రమండీ అత్తయ్యగారూ."

ఆవిడ భర్త వంకా అల్లుడి వంకా చూసి, "అదెంతసేపు లెండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

మామగారు యంత్రాన్ని నమ్మనన్నారు. మనుషుల మధ్యే తేలాలన్నారు. అలా పుట్టింది క్లబ్బులో పోటీ. పాతాయన తరపున మామగారు, కొత్తాయన తరపున అన్నయ్యగారు దిగి, తమ మనిషి ఎలా కొట్టాడో, ఎలా కాచుకున్నాడో రౌండు తరవాత రౌండు నోటితో చెప్పాలి. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకాయన రిఫరీ. జీవితమంతా కబాడీ ఆడించిన ఆయనకి బాక్సింగు గురించి తెలిసింది, అందులో గంట కొడతారని మాత్రమే. బడి నుంచి గంట తెచ్చుకున్నారు. ఇదంతా నాలుగు గోడల మధ్య ఏడిస్తే పోయేది. ఊరంతా వినాలని మైకుసెట్టు పెట్టించి, బజారులో దీపస్తంభానికి లౌడుస్పీకరు కట్టించారు.

ఆడవాళ్ళకి క్లబ్బులో ప్రవేశం లేదు. ఆదివారం సాయంత్రం అత్తగారు, నేను డాబా మీద ఎండిన అప్పడాలు ఏరుతున్నాం. వదినగారు పిట్టగోడ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. గంట మోగింది. లౌడుస్పీకరులోంచి మామగారి ఆయాసం వినపడింది. తరవాత మాటలు.

మొదట్లో మేం నవ్వుకుంటూనే ఉన్నాం. అన్నయ్యగారు కొత్తాయన చేత గుద్దించి పాతాయన్ని కింద పడేశారు. పది లెక్కపెట్టేలోగా లేవకపోతే ఓడినట్టని ఎవరో చెప్పగా, డ్రిల్లు మాస్టారు అంకెలు లెక్కపెడుతూ ఎనిమిది దగ్గర ఆగి దగ్గారు. ఆ దగ్గులో మామగారు పాతాయన్ని లేపి నిలబెట్టేశారు. "అన్యాయమండీ! దగ్గు లెక్కలోకొస్తుందండీ!" అని అన్నయ్యగారి అరుపు. జనం ఈలలు. గోదావరి జిల్లాలో పెద్దమనుషులనిపించుకున్న వాళ్ళు, ఎక్కడో సముద్రాలవతల ఇద్దరు మనుషులు కొట్టుకోని కొట్లాట గురించి తన్నుకుంటున్నారు.

అప్పుడు అన్నయ్యగారన్నారు: "మీ పాతాయనకి కాళ్ళు కదలవండీ మామయ్యగారూ! కూర్చున్నచోటే కూర్చుని దెబ్బలు తింటాడు. ముందు మీరు లేచి నుంచుని మాట్లాడండి!"

స్పీకరు పగిలేలా నవ్వులు. ఆ నవ్వుల మీద నుంచి మామగారి గొంతు, అంతకుముందు నేనెన్నడూ వినని గొంతు, వినపడింది.

"కాళ్ళు కదలనోడి కొంపలోనే కదటండీ కూర్చుని మెక్కుతున్నారు! పెళ్ళాం, పిల్లలు, కుటుంబం కుటుంబమంతా! సిగ్గుండాలండీ!"

ఏదో పడిన చప్పుడు. మైకు కీచుమంది. ఎవరో "అయ్యయ్యో" అన్నారు. డ్రిల్లు మాస్టారు గంట కొడుతూనే ఉన్నారు.

వదినగారి చేతిలో చిక్కుడుకాయ సగం ఈనె తీసి అలాగే ఉండిపోయింది. ఎదురు డాబా మీద బట్టలు తీస్తున్న వాళ్ళు గభాలున ఇటు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నారు. కాసేపటికి వదినగారు మిగిలిన ఈనె కూడా లాగి, కాయ గిన్నెలో వేసి, లేచి నిలబడింది.

"ఎక్కడికే?" అంది అత్తగారు.

"ఊరంతా విన్నారమ్మా" అంది వదినగారు. అంతే.

క్లబ్బులో జరిగింది మా వారు వచ్చి చెప్పారు. మామగారు లేచి అల్లుడి మీద చెయ్యి విసిరారట. అన్నయ్యగారు తప్పుకున్నారు. పిడికిలి వెళ్ళి వరండా స్తంభానికి తగిలి, బొటనవేలు విరిగింది. బొటనవేలిని పిడికిలి లోపల పెట్టి గుద్దారట. డాక్టరుగారు కట్టు కడుతూ నవ్వు ఆపుకోలేకపోయారట. ఏళ్ళ తరబడి బాక్సింగు బోధించిన మనిషికి పిడికిలి బిగించడం రాదు. అల్లుడుగారు మాత్రం ఏం తక్కువ తిన్నారు? తప్పుకున్నవాడు తప్పుకున్నట్టే పరిగెత్తి, చీకటి పడేదాకా స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నారు.

ఈలోగా ఇక్కడ వదినగారు పెట్టె సర్దేసింది. మూతకున్న కాగితం బొమ్మలన్నీ గోటితో గీకి పారేసింది. అత్తగారు కూతుర్ని ఆగమనలేదు. వంటింట్లోకెళ్ళి ఒక ఇత్తడి గిన్నె, గరిటె, అట్లపెనం తెచ్చి గుమ్మంలో పెట్టింది. "వండుకోవడానికి కావాలి కదా" అంది. తండ్రీ కొడుకూ అల్లుడూ కలిసి అన్నేళ్ళలో తీసుకోలేని నిర్ణయం ఆ ఇద్దరు ఆడవాళ్ళూ గుమ్మం దగ్గర ఒక్క మాటతో తీసేసుకున్నారు. మర్నాడు మధ్యాహ్నానికల్లా రైల్వే గేటు దగ్గర రెండు గదుల ఇల్లు దొరికింది. వెతికింది వదినగారే.

కట్టు ఉన్నన్నాళ్ళూ మామగారికి అత్తగారే అన్నం కలిపి నోట్లో పెట్టింది. ఆయన నములుతూనే, పలకరించడానికి వచ్చినవాళ్ళతో, "స్తంభం అడ్డొచ్చింది గానీ, లేకపోతే ఉండేదండీ వాడి పని!" అనేవారు. కూతురి ఊసు లేదు. అన్న మాట ఊసు అసలే లేదు. వచ్చినవాళ్ళూ వేలు ఎలా ఉందనే అడిగారు.

తరవాత కొంతకాలానికి కొత్తాయన ఎవరో కుర్రాడి చేతిలో ఓడిపోయాడని పేపర్లో పడింది. మామగారి మొహం వెలిగిపోయింది. ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి, పేపరు చంకలో పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని రిక్షాలో కూతురింటికి బయల్దేరారు. దారి పొడుగునా ఇవాళైనా ఆ మాట వెనక్కి తీసుకుంటారేమో అని ఎదురుచూశాను. గుమ్మంలో అడుగు పెడుతూనే పేపరు విప్పి, "ఏంటండీ అల్లుడుగారూ, చూశారా మీవాడి సంగతి?" అన్నారు.

అన్నయ్యగారు మూతి ముడుచుకుని, "వయసైపోయిందండీ వాడికి. మంచి వయసులో అయితే..." అని మొదలుపెట్టారు. కాఫీ చల్లారేలోగా మామా అల్లుళ్ళు మళ్ళీ ఒకటైపోయారు. రైలు వెళ్తున్నప్పుడు కూడా ఆపకుండా, ఒకరికొకరు వినపడకపోయినా, అరుచుకుంటూనే ఉన్నారు. వదినగారు పూతరేకుల పెట్టె మూత కూడా తీయకుండా పక్కింటి పిల్లలకిచ్చేసింది.

ఎనభయ్యో దశకం నడుమ రాజమండ్రిలో వీడియో అద్దెకిచ్చే షాపులు వచ్చాయి. అన్నయ్యగారు టీవీ, వీసీఆర్, బాక్సింగ్ క్యాసెట్టు తెచ్చి మా హాల్లో పెట్టారు. పాతాయన, కొత్తాయన ఇద్దరూ అందులో ఉన్నారు. ఇన్నేళ్ళకి మా వీరులిద్దరూ తమ దేవుళ్ళని కళ్ళారా చూడబోతున్నారు. పాత బొమ్మలో గీతలు గీతలుగా ఒక బట్టతల మనిషి ఇంకో మనిషిని వాటేసుకుని ఊగుతున్నాడు. మామగారు కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఈయన కాదు" అన్నారు.

"ఆయనేనండీ. పేరు వేశాడు కదా."

"పేరు వేస్తే సరా? మా ఆయన ఇలా ఉండడు." అని గోడకి ఆనుకుని నిద్రపోయారు. కొత్తాయన వచ్చాడు. అతనూ ఎక్కువసేపు ఎదుటివాణ్ణి వాటేసుకునే ఉన్నాడు. అన్నయ్యగారికి కూడా ఆవులింతలొచ్చాయి.

ఆ రోజు వదినగారు కూడా వచ్చింది. అందరికీ పెసరట్లు వేశాను. ఆవిడ ప్లేటు నా చేతికే తిరిగిచ్చి, "ఇప్పుడే తినొచ్చానమ్మాయ్" అంది. ఎప్పుడొచ్చినా అదే మాట. ఆ ఆదివారం తరవాత ఆవిడ పుట్టింట్లో మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టలేదు. పండగలకీ, మా పిల్లల పుట్టినరోజులకీ వచ్చేది, వండేది, వడ్డించేది. విస్తరి ముందు మాత్రం కూర్చోదు. అత్తగారికి తెలుసు. అందుకే వారానికోసారి ఆవిడే రైల్వే గేటు దగ్గరికెళ్ళి, అక్కడి పొయ్యి మీద వండి, కూతురికి కొసరి వడ్డించి వచ్చేది.

మామగారు నిద్రలేచి, కూతురి చేతులు ఖాళీగా ఉండడం చూసి, "మా అమ్మాయికి డైటింగు పిచ్చి పట్టుకుందండోయ్" అని నవ్వారు. అన్నయ్యగారూ నవ్వారు.

వంటింట్లోకి వచ్చాక ఉండబట్టలేక అడిగాను. "మీ నాన్నగారికి ఒకసారి చెప్పొచ్చు కదా వదినగారూ, ఎందుకు తినట్లేదో?"

"చెప్తే ఇంకేముంది? అది కూడా క్లబ్బులో మైకు పెట్టించి తేలుస్తారు" అందావిడ, పెనం మీద అట్టు తిరగేస్తూ.

మామగారు ఆ తరవాత నాలుగైదేళ్ళు బతికారు. ఆయనకెవరూ చెప్పలేదు. ఆయనా కనిపెట్టలేదు. పెద్దకర్మ రోజు హాల్లో ఆడవాళ్ళ పంక్తి వేసినప్పుడు, వదినగారు ఎవరూ పిలవకుండానే వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. విస్తరి చుట్టూ నీళ్ళు చిలకరించుకుంది. నేను వడ్డిస్తున్నాను. ముద్దపప్పు ఒకసారి వేశాను. తినేసి, నన్ను వెనక్కి పిలిచి, మళ్ళీ వేయించుకుంది.