కారు తలుపులో మొలిచిన పత్తి

“అక్కా, నీకు అమ్మ గొంతు యాదికొస్తదా?”

మా చెల్లె ఈ మాట అడిగినప్పుడు నేను చిక్కుడుకాయలు తుంచుతున్నాను. అది రుద్రారంలో పిల్లల హాస్టల్‌లో వంట చేస్తుంది. ఆదివారం మధ్యాహ్నం వంట ముగించుకుని, బస్సెక్కి పటాన్‌చెరులో మా ఇంటికి వస్తుంది. అమ్మ పోయి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో అది అమ్మ గురించి చాలా మాట్లాడింది కానీ ఇట్లా ఎప్పుడూ అడగలేదు.

“ఎందుకు రాదే, వస్తది” అన్నాను.

“నాకు వస్తలేదక్కా. మొఖం యాదికొస్తది. చేతులు యాదికొస్తయి. చీర కొంగుకు ఏం ముడేసుకునేదో గూడ చెప్త. గొంతే వస్తలేదు. కండ్లు మూసుకుంటే నోరు కదులుతున్నట్టు కనవడ్తది, చప్పుడు ఉండదు.”

నేను కూడా కళ్లు మూసుకుని చూశాను. వచ్చింది. కానీ అది అమ్మ గొంతో, అమ్మలా మాట్లాడే నా గొంతో తేల్చుకోలేకపోయాను. ఆ సంగతి చెల్లెకు చెప్పలేదు.

మా ఆయన లోపలి నుంచి వచ్చి, పాత ఫోన్లో ఒకటి ఉండాలి అన్నాడు. ఆ ఫోన్ కొన్న కొత్తలో ఏ మీట నొక్కితే ఏమవుతుందో చూస్తూ అమ్మ పాటను అందులో రికార్డు చేశాడట. అమ్మ మా వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతూ, నాట్ల పాట ఒకటి తనలో తాను పాడుకుంటోంది. నడుమ కోడి వస్తే దాన్ని తిట్టి, మళ్లీ పాట అందుకుంది. నాకు ఆ రోజు బాగా గుర్తు. అమ్మ చెరిగేటప్పుడు ఎదురుగా ఎవరూ కాళ్లు చాపుకుని కూర్చోకూడదు. పొట్టు మీద పడుతుంది, మీద పడితే తిట్టూ పడుతుంది. చాట చప్పుడు మొదలవగానే అరుగు మీద నేనూ చెల్లే చిన్నప్పటి నుంచీ కాళ్లు పైకి ముడుచుకునేవాళ్లం.

ఫోన్‌కు చార్జింగ్ పెట్టి, వెతికి, పాట పట్టుకున్నాం. పెట్టాం. రేకు డబ్బాలో చిక్కుకున్న దోమలాగా సన్నగా వినిపించింది.

చెల్లె కాసేపు విని ఫోన్ నా ఒళ్లో పెట్టేసింది. “గిది అమ్మ కాదక్కా. పాట అమ్మదే. గొంతు కాదు.”

“ఫోన్ల గంతే వస్తది. కార్ల పెడ్దాం. కార్ల నాలుగు స్పీకర్లున్నయి” అన్నాడు మా ఆయన.

ఆ కారు మా ఆయనతో కంపెనీలో పనిచేసే ఒకాయన దగ్గర కొన్నది. పాట పెట్టే డబ్బా కారుతో పాటు వచ్చిందే. మేం అందులో వార్తలు తప్ప పెద్దగా ఏమీ వినేవాళ్లం కాదు. అమ్మ పాటను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ముగ్గురం కార్లో కూర్చున్నాం. కాజీపల్లి మందుల కంపెనీల వైపు నుంచి వాసన గాలి వస్తోంది కాబట్టి అద్దాలు ఎక్కించుకున్నాం.

పాట మొదలైంది. గొంతు లావుగా వచ్చింది, కుండలో తల పెట్టి పాడినట్టు. పైగా అమ్మ పాట కింది స్వరానికి దిగినప్పుడల్లా తలుపులో ఏదో గర్రుమంటోంది.

“బావా, గిదెవరో మగాయన పాడుతుండు. నాకు మీ మామ గొంతు యాదికి రావాలని అడిగిన్నా?” అంది చెల్లె. నవ్వింది కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. బస్సు టైమవుతోందని దిగిపోయింది.

అది పోయాక కూడా నేను కార్లోనే ఉన్నాను. ఆ గర్రు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలనిపించింది. తలుపు మీద చెయ్యి పెట్టాను. పిండి గిర్నీ గోడ మీద పెట్టినట్టు చెయ్యి అదిరింది. మోకాలితో తలుపును గట్టిగా అదిమాను. గర్రు ఆగింది. మోకాలు తీశాను, మళ్లీ మొదలైంది. అదిమితే అమ్మ, వదిలితే తలుపు. నాకు చాలా వింతగా అనిపించి మా ఆయనను పిలిచి చూపించాను.

“ఓస్, గింతేనా! రేకు మోగుతున్నది. కంపెనీల మిషన్ మీది రేకు గిట్ల మోగితే సందుల కాటన్ వేస్ట్ కుక్కుతం. నోరు మూసుకుంటది” అన్నాడు.

ఇక ఆగుతాడా? నా అట్లకాడ తీసుకుని తలుపు లోపలి అట్ట ఊడదీశాడు. నేను తొంగి చూశాను. తలుపంటే లోపల గట్టిగా ఏదో ఉంటుందనుకున్నాను ఇన్నాళ్లూ. అంతా డొల్ల. రెండు పల్చటి రేకులు, నడుమ అద్దం దిగే ఖాళీ జాగా. స్పీకరేమో కాగితం! వేలితో ముట్టి చూశాను, కాగితమే. ఇంత కాగితం ముక్క మనిషిలా ఎట్లా పాడుతుందో నాకు ఇప్పటికీ సమాధానం దొరకలేదు.

“కాటన్ వేస్ట్ ఏడున్నది ఇంట్ల?” అన్నాను.

“వేస్ట్ లేకుంటే పత్తి లేదా?”

ఉంది. అమ్మ దీపం వత్తుల కోసం ఊరి చేనులో ఏరుకొచ్చిన పత్తి, పాత దిండు గలీబులో నిండా ఉంది. వత్తి చేసే ముందు అమ్మ ఒక్కొక్క గింజా వేలితో నొక్కి తీసేది. మాకు అంత ఓపిక ఎక్కడిది? గింజలతో సహా గుప్పిళ్లకు గుప్పిళ్లు రెండు తలుపుల్లో కుక్కి, అట్ట బిగించాం.

గర్రు పోయింది! మా ఆయన మీసం తిప్పాడు. చెల్లె మళ్లీ వచ్చిన ఆదివారం దాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి పాట పెట్టాం. శ్రద్ధగా వింది.

“జెర నయమున్నది బావా. కానీ గొంగడి కప్పుకొని పాడినట్టున్నది” అంది. తర్వాత నా వైపు తిరిగి, “ఇడిసిపెట్టక్కా. పోయింది పోయిందే. నాకు రాసిపెట్టి లేదనుకుంట” అంది.

ఆ మాట నాకు కాలిన చేతి మీద కారం పడ్డట్టు ఉంది. అడిగినప్పుడు మామూలుగా అడిగింది. ఇప్పుడు అడగడం కూడా మానుకుంటోంది.

ఆ వారమే ముసురు పట్టింది. విడవకుండా వాన. వాన తగ్గేసరికి కార్లో ముక్కిపోయిన వాసన. అద్దం దించితే సగంలో ఆగిపోతోంది. మా ఆయన సీట్ల కింద వెతికాడు, నేను తివాచీలు ఎండేశాను. ఏమీ దొరకలేదు. కొన్నాళ్లకు నేను వాకిలి ఊడుస్తూ వంగినప్పుడు కనిపించింది. తలుపు అడుగు అంచున నీళ్లు కారిపోవడానికి చిన్న బెజ్జం ఉంటుంది. అందులో నుంచి తెల్లటి మొలక ఒకటి, కొసకు రెండు లేత ఆకులతో, కిందికి వచ్చి మళ్లీ వెలుతురు వైపు మెడ తిప్పుకుని ఉంది.

చీపురు పక్కన పెట్టి అక్కడే కూర్చుండిపోయాను. తర్వాత కేకేశాను. “ఏమయ్యో, జల్దీ రా! కారుకు పత్తి మొలిచింది!”

వీధి వీధంతా వచ్చి చూసింది. ఫోన్లో చెప్తే చెల్లె ఎన్నాళ్లకో మనసారా నవ్వింది. “బావకు చెప్పు, మందు కొట్టుమను. లేకుంటే పురుగు వడ్తది. ఏరుడు కాలానికి నేను గూడ వస్త కూలికి!”

ఇక పరువు పోయిందని మా ఆయన కారును ముత్తంగి తీసుకుపోయాడు. రింగ్ రోడ్డు కూడలి దగ్గర లారీల క్యాబిన్లకు పాటల డబ్బాలు బిగించే ఒక మిస్త్రీ ఉన్నాడు. ఉత్తరాది మనిషి, మన మాటలు బాగానే నేర్చుకున్నాడు. నేను కూడా వెంట వెళ్లాను. ఆ గొంతును ఎవరి చేతుల్లోనో ఒంటరిగా పెట్టి ఇంట్లో కూర్చోలేను కదా.

మిస్త్రీ అట్ట ఊడదీసి, తడిసి ముద్దయిన పత్తిని లాగాడు. గింజలు పగిలి జానెడు జానెడు తెల్ల మొలకలు. వాటిని పైకెత్తి పక్క కొట్టు వాళ్లకు చూపించాడు.

“అరె అమ్మా, డోర్‌ల ఖేతీ చేసిన్రా, పత్తి పండిస్తున్రా? అద్దం మీది పానీ మొత్తం లోపటికే పోతది. కింద సూరాఖ్, గీ చిన్న బెజ్జంల నుంచి బయటికొస్తది. డోర్ అంటే నాలా లెక్క!”

ఇంట్లోకి వాన రాకుండా తలుపు ఉంటుందనుకుంటాం. కారు తలుపు వానను తనలోకి తీసుకుని కిందికి వదిలేస్తుందట. నాకు ఇదీ కొత్తే.

పత్తి పూర్తిగా తీసేసి, తుడిచి ఆరబెట్టి, తారులాంటి నల్లటి మెత్తటి పట్టీలు రేకుకు అతికించాడు. లోపలి రేకుకున్న పెద్ద కంతలు కూడా మూశాడు. ముందరి స్పీకర్ల కాగితం అంచున చినిగిందని వేరేవి వేశాడు. తర్వాత డబ్బాలో ఎప్పటి నుంచో పెంచి ఉన్న లావు చప్పుడును తగ్గించి, పాట పెట్టాడు.

గొంతు గొంగడి తీసేసింది. కుండలోంచి బయటికి వచ్చింది. కానీ వెనక ఏదో చర్ చర్‌మంటూ వస్తోంది.

“రికార్డింగ్ ఖరాబున్నది. ఇది తీసేస్త” అని మీట తిప్పాడు. చర్ చర్ పోయింది. గొంతు నున్నగా అయింది, నూనె రాసి దువ్విన తలలా. కానీ పాటలోంచి ఏదో పోయినట్టుంది.

“మల్ల పెంచు బిడ్డా” అన్నాను.

పెంచాడు. చర్, చర్, చర్, ఆగి ఒక దెబ్బ. మళ్లీ చర్, చర్, చర్, దెబ్బ. పాట ఆ దెబ్బను పట్టుకునే నడుస్తోంది.

“ఆగు! అది ఖరాబు కాదు. అది చాట. మా అమ్మ బియ్యం చెరుగుతున్నది.”

అతను ఇంకోసారి విని తలూపాడు. “సరే, ఉండనీ. కానీ ఆవాజ్ మోకాళ్ల దగ్గర్నుంచి వస్తున్నది. పైన చిన్న స్పీకర్లు పెడితే మొఖం ముంగటికి వస్తది. మంచిగుంటది.”

మా ఆయన సరే అనబోయాడు. నేను వద్దన్నాను.

“ఎందుకే? చేసేదేదో పూరా చేపిద్దాం.”

“అమ్మ కింద కూసొని చెరిగేది. మనం అరుగు మీద కూసుంటుంటిమి. అమ్మ పాట ఎప్పుడన్న మన మొఖం ముంగట వచ్చిందా? కిందికెల్లే గద వచ్చేది.”

మిస్త్రీ నవ్వి, తన సామాన్లు సర్దుకున్నాడు.

చెల్లెకు ఫోన్ చేస్తే ఈ ఆదివారం రాను అంది. తల నొస్తోందంది. ఎందుకు రానందో నాకు తెలుసు. మేమే రుద్రారం పోయాం. పిల్లల భోజనాలు అయిపోయి, గిన్నెలు కడిగిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ గేటు బయటికి వచ్చింది.

“మల్ల గదేనా అక్కా? నన్ను పరేషాన్ చేయకు.”

“పాట కోసం కాదు. మీ బావ చేను ఎత్తేసిండు, చూద్దువు రా.”

ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక కూర్చున్నాను. మా ఆయన అద్దాలు ఎక్కించి, ఏమీ చెప్పకుండా పాట పెట్టాడు.

ముందు చాట ఒక్కటే వచ్చింది. చర్, చర్, చర్, దెబ్బ. అమ్మ ఇంకా పాట అందుకోలేదు. చెల్లె దారి వైపు చూస్తోంది, ఏదో బస్సు పోతుంటే దాని వెంట తల తిప్పింది. అట్లా చూస్తూనే చెప్పులు విడిచి, రెండు కాళ్లూ సీటు మీదికి ముడుచుకుంది.

అప్పుడు అమ్మ పాట మొదలుపెట్టింది, కింది నుంచి.