వెనక సీటు మాట వినిపించే సైలెన్సర్

మా చిన్నాయన పోయాడన్న సంగతి నాకు మా అన్న ఫోన్ స్టేటస్ చూస్తే తెలిసింది. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్ తెరిచాను. చిన్నాయన ఫోటో, వెనక మంటలు, పక్కన నోరు తెరిచిన సింహం, కింద 'మా పెద్దపులి ఇక లేదు' అని బంగారు రంగు అక్షరాలు, దానికి తోడు చెవులు పగిలే పాట. సింహమో పులో ముందు తేల్చుకోండిరా అని తిట్టుకున్నాను. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. చెల్లెలికి ఒక్క ఫోన్ కొట్టి చెప్పే తీరిక లేదు గానీ, చచ్చిపోయిన మనిషి వెనక మంటలు పెట్టించే తీరిక మాత్రం ఉంది మా అన్నకు. ఛీ అనిపించింది.

చిన్నాయన పులీ కాదు, సింహమూ కాదు. కడప బండలు కోసి నునుపు పట్టే ఫ్యాక్టరీ నడుపుకున్న మనిషి. సగం జీవితం ఆ కోత మిషన్ల మధ్యే గడిచింది. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవి సగం మిగిలింది. "దుమ్ము కడుక్కుంటే పోతాది పాపా, మోత పోదు" అనేవాడు. నా తల నెరిసినా ఆయనకు నేను పాపనే.

ఆయన భార్య, మా చిన్నమ్మ, అసలే మెల్లగా మాట్లాడే మనిషి. గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆ కాస్త గొంతూ పోయి గుసగుస మిగిలింది. సగం చెవి మొగుడికి సగం గొంతు పెండ్లాం. "ఇంగేం, మీ ఇంట్లో కొట్లాటే ఉండదు" అని చుట్టాలు ఎగతాళి చేసేవాళ్లు. చిన్నాయన నవ్వి ఊరుకునేవాడు. ఒకసారి మాత్రం నాతో అన్నాడు: "మెల్లగా మాట్లాడేవాళ్లను గట్టిగా చెప్పమనకూడదు పాపా. మనమే దగ్గరికి పోవాల."

ఆయన అట్లాగే దగ్గరికి పోయేవాడు. నేను అత్తగారింట్లో గొడవపడి పెట్టె పట్టుకుని వచ్చేసినప్పుడు ఇంటిల్లిపాదీ నాకు బుద్ధులు చెప్పినవాళ్లే. ఆయన ఒక్కడు కుర్చీ నా పక్కకు జరుపుకుని, ఎడమ చెవి నా వైపు తిప్పి, నేను చెప్పిందంతా విన్నాడు. అంతా అయ్యాక "అన్నం తిన్యావా?" అన్నాడు. ఆ రుణం నేను ఎట్లా తీర్చుకోను?

ఇంట్లో ఎప్పుడూ జనం. టీవీ ఒకపక్క, పంచాయితీలకు వచ్చేవాళ్లు ఒకపక్క. ఆ ఇద్దరికీ మాట్లాడుకునే చోటు ఒకటే మిగిలింది, కారు. రోజూ సాయంత్రం అద్దాలు ఎత్తుకుని రాయచోటి రోడ్డు మీద అట్లా పోయి వచ్చేవాళ్లు. మా ఇళ్లల్లో ఆడవాళ్లు ముందు సీట్లో కూర్చునే అలవాటు లేదు. చిన్నమ్మ వెనక కూర్చుని, రెండు సీట్ల మధ్యకు వంగి, ఆయన ఎడమ చెవి దగ్గర మాట్లాడేది. ఒకసారి నేనూ పోయాను. ఏం పెద్ద కబుర్లు! అలసందలకు పురుగు పట్టింది, పక్కింటామె కోడలితో మాట్లాడడం మానేసింది. అంతే. చిన్నాయన మాత్రం స్టీరింగ్ మీద కొట్టుకుంటూ నవ్వాడు. ఇంట్లో ఆయన అంత నవ్వు నవ్వడం నేను చూడలేదు.

ఆ కారు సైలెన్సర్‌కు తుప్పు పట్టి చిల్లు పడింది. పాత మోడల్, కంపెనీ సామాను రావడం ఆగిపోయింది. బయట దుకాణంలో వేరేది ఎంచుకోవాలి. దుకాణమాయన చెప్పేది వినిపించదని చిన్నమ్మతో పాటు నన్నూ తోడు తీసుకుపోయాడు.

మీరూ చూసే ఉంటారు అట్లాంటి దుకాణాలు. గోడ నిండా తళతళలాడే గొట్టాలు. మోతను అణచడానికి పుట్టిన వస్తువును మోత కోసమే కొంటున్నారు జనం. దుకాణమాయన మొదట తెచ్చింది లోపల ఏ అడ్డూ లేకుండా పొగ నేరుగా బయటికి తన్నేది.

"అన్నా, ఇది ఏసినామంటే బండి పులి మాదిరి గర్జిస్తాది. మీరు ఈ కొసన ఉంటే ఆ కొసకు తెలుస్తాది."

నేను చెవి దగ్గర చెబితే చిన్నాయన విని అడిగాడు. "పులి మీద కూర్చోని పెండ్లాంతో మాట్లాడేదెట్లప్పా?"

దుకాణమాయన నవ్వేసి రేటు చెప్పబోయాడు. చిన్నాయన వదల్లేదు. ఒక్కొక్కటీ తాత్కాలికంగా బిగించి చూపిస్తేనే బేరమన్నాడు. చిన్నమ్మను వెనక కూర్చోబెట్టి ఏదో ఒకటి చెప్పమనడం, ఆమె అన్నది ఆయన తిరిగి చెప్పగలిగితే ఆ సైలెన్సర్ పాసు. మొదటిది బిగించి ఇంజన్ రేపితే నా పళ్లే అదిరాయి. రెండోదానితో నేను మోసపోయాను. బయట నిలబడి వింటే ఎంత మెత్తగా ఉందో! రోడ్డెక్కి కాస్త వేగం అందుకోగానే కారు లోపలంతా 'గూ' అని తల నిండిపోయే మోత. "బయటోళ్లకు బాగుండాది, లోపలోళ్లకు లేదు" అని వెనక్కి తిప్పాడు. మూడోది కిరసనాయిలు డబ్బా మాదిరి నల్లగా, లావుగా, చూడ్డానికి దరిద్రంగా ఉంది. లోపల అరలు అరలుగా ఉండి మోతను అక్కడే మింగేసే రకం. దాంతో రోడ్డు మీద పోతుంటే చిన్నమ్మ ముందుకు వంగి ఏదో అంది. చిన్నాయన పకపకా నవ్వాడు.

"ఏమంట చిన్నాయనా?"

"ఆకలయితాండాదంట. దోశ పెట్టిస్తావా, ఈ గొట్టాలే తినమంటావా అంటాది."

తిరిగొచ్చి ఇదే కావాలంటే, "అది ముసలోళ్లదన్నా" అని దుకాణమాయన చివరి ప్రయత్నం చేశాడు.

"ముసలోళ్లమే కదప్పా వచ్చింది!"

అక్కడితో అయిపోయి ఉంటే ఎంత బాగుండేది. మా సీమలో మనిషి విలువ వాడి వెనక వచ్చే బండ్లను బట్టి. ఇప్పుడు బండ్లు చాలవు, అవి అరవాలి కూడా. కాంట్రాక్టులు చేస్తూ రాజకీయం వెంట తిరిగే మా అన్న ఏదో ర్యాలీకని చిన్నాయన కారు అడిగి తీసుకుపోయాడు. తెచ్చి ఇచ్చేటప్పుడు ముందు పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు, వెనక రెండు మెరిసే గొట్టాలు. ఆ నల్ల డబ్బాను పాత ఇనుములో వేసేశాడంట.

"బండి దగ్గుతాంటే మర్యాదగా ఉంటాదా చిన్నాయనా? ఇంగ నువ్వు వస్తాంటే కడపంతా లేచి నిలబడాల!"

యాక్సిలరేటర్ తొక్కి చూపించాడు. వీధి కుక్కలు చెల్లాచెదరైపోయాయి. చిన్నాయన వాడి భుజం తట్టి "బాగుండాదిలేబ్బా" అన్నాడు. చిన్నమ్మ లోపలికి పోయింది.

వాడు పోయాక నేను ఆయన మీదే విరుచుకుపడ్డాను. "పీకించి పారేయకుండా బాగుండాది అంటావేంది?"

"వాడు ప్రేమతో చేసినాడు పాపా. పీకిస్తే పదిమందిలో వాని ముఖం ఏం గావాల?"

ప్రేమంట! ఎదుటి మనిషికి ఏం కావాలో అడగని ప్రేమ. జ్వరం మనిషి నోట్లో మైసూర్‌పాక్ కుక్కే ప్రేమ. ఆ మాట వింటేనే నాకిప్పుడు వెగటు.

ఆ తర్వాత వాళ్లు రోజూ ఊరు దాటి, రోడ్డు పక్కన కారు ఆపి, ఇంజన్ ఆర్పేసి మాట్లాడుకునేవాళ్లు. కడప ఎండాకాలం సంగతి మీకు చెప్పాలా? అద్దాలు దించితే లారీల మోత, ఎత్తితే పొయ్యి. ఒకరోజు బస్సులోంచి చూశాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. ఆమె ముందుకు వంగి చెబుతోంది. ఆ ఉక్కలో కూడా ఆయన నవ్వుతున్నాడు. మా అన్న గుర్తొచ్చి ఒళ్లు మండింది.

ఆఖరి రోజు సంగతి చెబుతాను. నిద్రలోనే పోయిన మనిషి మొహం ప్రశాంతంగా ఉంది. పూలు కట్టిన బండి మీద పడుకోబెట్టారు. మా ఆడవాళ్లు శ్మశానానికి పోరు, గేటు దగ్గరే ఆఖరి చూపు. వీధి పొడుగునా మా అన్న స్నేహితుల కార్లు వరస కట్టి ఉన్నాయి. డప్పుల వాళ్లను కూడా వద్దని పంపించేశారు.

చిన్నమ్మ వచ్చింది. ఇద్దరం పట్టుకుని బండి దగ్గరికి నడిపించాం. ఆమె ఆయన తల పక్కకు వంగింది, రోజూ వంగినట్టే, ఎడమ చెవి దగ్గరికి. పెదవులు కదలబోయాయి.

అప్పుడే మా అన్న చెయ్యి పైకెత్తాడు. కార్లన్నీ ఒక్కసారి అరిచాయి. వెనక గొట్టాలు పటపటమని నిప్పులు కక్కాయి. వందనమంట అది! "ఆపురా! చిన్నమ్మ మాట్లాడతాండాది, ఆపు!" అని అరిచాను. నేను దుఃఖంతో అరుస్తున్నాననుకున్నాడు. కళ్ల నిండా నీళ్లతో తల ఊపి, చెయ్యి ఇంకా పైకెత్తాడు. కార్లు ఇంకా గట్టిగా అరిచాయి.

చిన్నమ్మ అట్లాగే వంగి కాసేపు చూసింది, తగ్గుతుందేమోనని. తగ్గలేదు. ఆమె ఏమీ చెప్పలేదు. టపాకాయలకు జడుసుకున్న బిడ్డకు మూసినట్టు, అరచేత్తో ఆయన ఎడమ చెవి మూసింది. బండి కదిలి, చెయ్యి అందనంత దూరం పోయేదాకా తియ్యలేదు.