ఏడుంబావుకు పోయిన మనిషి

ఊరి పేరు చెప్పను. బొగ్గుబావుల దిక్కు ఒక చిన్న దవాఖాన, తొంభైలలో సంగతి. నేను అక్కడ క్యాజువాలిటీలో నర్సును. మాకొక దిక్కుమాలిన అలవాటు ఉండేది. ప్రాణం పోయినా, పోయిందని వెంటనే చెప్పేవాళ్లం కాదు. ఒకసారి చెప్పినందుకు కిటికీ అద్దాలు పగిలాయి, కాంపౌండర్ తల పగిలింది. అప్పట్నుంచి "సీరియస్‌గా ఉంది" అనడం, పోలీసులు వచ్చి నిలబడ్డాక మెల్లగా చెప్పడం. చెప్పిన టైమే రిజిస్టర్‌లో రాసేవాళ్లం. దాన్ని అబద్ధం అనుకోలేదు, జాగ్రత్త అనుకున్నాం.

నాకు ఇంకో పిచ్చి ఉండేది, నేత్రదానం. కళ్లు సేకరించేవాళ్లు కరీంనగర్ నుంచి ఫారాలు పంపితే, డ్యూటీ దిగి ఇల్లిల్లూ తిరిగేదాన్ని. "కండ్లు లేకుంటె పెత్రమాసకు పెద్దలల్ల కలిసి తిరిగొచ్చినప్పుడు ఇల్లెట్ల దొరుకుతది సిస్టరమ్మా?" అని ముసలమ్మలు తరిమేవాళ్లు. నిండిన ఫారాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకటి మా వీధిలో ఆటో నడిపే ఆయనది. "సచ్చినంక నాకెందుకు, రాస్కో" అని నవ్వుకుంటూ సంతకం చేశాడు. సాక్షిగా ఆయన భార్య వేలిముద్ర వేసింది.

ఒక పొద్దున ఆయనే గుండె పట్టుకుని వచ్చాడు. సూదులు వేశాం, ఛాతీ నొక్కీ నొక్కీ నా చేతులు పడిపోయాయి. ఏడుంబావుకు పోయాడు. బయటికి చూస్తే ఆటో స్టాండంతా మా వాకిట్లోనే ఉంది. డాక్టరు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇప్పుడే చెప్పకు సిస్టర్. ఎస్సైని రానీ" అన్నారు.

నా నోట్లో నాలుక లేదా? ఉంది. ఫారం గుర్తు రాలేదా? వచ్చింది. ఆరు గంటల లోపు కళ్లు తియ్యాలి, ఎస్సై ఎనిమిదికల్లా వస్తాడులే అనుకున్నాను. ఆయన ఎక్కడో బందోబస్తులో ఉండి పన్నెండుకు వచ్చాడు. అంతసేపూ ఆటో ఆయన భార్య తలుపు సందులోంచి అడుగుతూనే ఉంది. "జర మాట్లాడుతుండా సిస్టరమ్మా?" "డాక్టర్ సార్ సూస్తుండు, ఫికర్ చెయ్యకు చెల్లె" అన్నాను. ఛీ, ఎన్నిసార్లు అన్నానో!

పన్నెండింటికి చెప్పాం. నేలమీద పడి ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని నా దగ్గరికే వచ్చింది. "గా కండ్ల సంగతి సూడు సిస్టరమ్మా. ఆయన మాటిచ్చిండు. మా అత్త ఒద్దంటది, నేను సంబాళిస్త. జల్ది పిలువు."

కరీంనగర్ నుంచి మనిషి రావాలంటే మూడు గంటలు. అప్పటికి కళ్లు తీసే గడువు దాటిపోతుంది. వద్దంటే ఎందుకో చెప్పాలి. చెప్పే ధైర్యం లేక ఫోన్ చేశాను.

ఆ మూడు గంటలూ ఆమె అందరితో కొట్లాడింది. "నా కొడుకును గుడ్డోన్ని చేసి పంపుతవానే?" అని అత్త దుమ్మెత్తిపోసింది. చుట్టాలు శవాన్ని ఎత్తబోతే ఆమె వాళ్ల కాళ్లకు అడ్డం పడుకుంది. నేను గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మూడింటికి జీపు వచ్చింది. కళ్లు తీసే ఆయన టార్చి వేసి చూశాడు, రిజిస్టర్ చూశాడు, మళ్లీ టార్చి వేశాడు.

"పన్నెండు అని రాసుంది. గింత మసక ఎట్లొచ్చింది సిస్టర్? టైమ్ కరెక్టేనా?"

డాక్టరు గారు నావైపే చూస్తున్నారు. ఆమె కూడా. ఊఁ అంటే సరిపోయేది. దవాఖాన నిలబడేది, ఆమె మాట కూడా నిలబడ్డట్టే ఉండేది. కానీ ఆ కళ్లు తీసుకెళ్లి ఎవరికైనా కుడితే?

"కాదు" అన్నాను. "ఏడుంబావుకు పోయిండు."

ఆయన పెట్టె మూసేశాడు. ఆటోలవాళ్లు అరుపులు మొదలుపెట్టారు, డాక్టరు గారు తన గదిలోకి పోయి గడియ పెట్టుకున్నారు. నన్ను కొడితే బాగుండుననిపించింది. ఆమె కొట్టలేదు. నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఏడుంబావుకు చెప్తె ఏడుంబావుకే ఇస్తుంటి గద సిస్టరమ్మా. కండ్లియ్యుమని అడిగినదానివి, సచ్చిండని చెప్పనీకి నన్ను నమ్మకపోతివా?"