జిమ్మి నమస్కారం మాన్పించిన కాంపౌండర్ గారు

దమ్మపేట దగ్గర మా ఊరి పశువుల దవాఖానాలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన కాంపౌండర్ గారు పోయిన ఆదివారం పొద్దున కన్నుమూశారు. చర్చికి బయల్దేరి, చెప్పులు వేసుకుంటూ గుమ్మంలోనే కూలబడ్డారట. ఎవరితోనూ ఒక్కరోజు చాకిరీ చేయించుకోకుండా వెళ్లిపోయాడు మహానుభావుడు అని అమ్మ ఫోన్లో ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపుకంటే ముందు మా జిమ్మి గుర్తొచ్చింది. ఆయన్ని తలుచుకుంటే ఆ పొట్టికాళ్ల కుక్క కూడా వెంటే వచ్చేస్తుంది, నేనేం చేయను!

ఎనభైల్లో మాట. మణుగూరు గనుల్లో ఇంజనీరుగా ఉన్న నాన్న స్నేహితుడు బదిలీ మీద పోతూ ఆ డాషండ్ జాతి కుక్కపిల్లని మాకిచ్చాడు. బారెడు ఒళ్లు, బెత్తెడు కాళ్లు. పొలం పనికొచ్చే ఆడవాళ్లు దాన్ని చూసి, ముంగిసకు గొలుసేసిన్రేంది అని నవ్వేవాళ్లు. నాన్నకు రోషం వచ్చింది. వెనక కాళ్ల మీద నిలబడి ముందు కాళ్లు రెండూ కలిపి నమస్కారం పెట్టడం దానికి నేర్పించాడు. ఇంటికెవరొచ్చినా కాఫీకంటే ముందు జిమ్మి నమస్కారం అయిపోవాల్సిందే. పెట్టినందుకు ఒక అరిసె ముక్క. మనుషులకు లేని మర్యాద నా కుక్కకుంది అని నాన్న మీసం తిప్పేవాడు. అరిసెలు తిని తిని జిమ్మి పొట్ట నేలకు రాసుకునేది.

ఒకరోజు కాంపౌండర్ గారు మా గేదెలకు టీకాలు వేయడానికి వచ్చారు. మామూలుగానే నమస్కారం జరిగింది. అందరం నవ్వాం, ఆయన తప్ప. గొంతుక్కూర్చుని దాని మెడ నుంచి తోక దాకా వేళ్లతో మెల్లగా తడిమారు.

"అయ్యా, దీని నడుము పొడుగు, కాళ్లు పొట్టి. గట్ల నిలబడితే బరువంత నడుము మీదనే పడ్తది. మాన్పించున్రి," అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "పక్కటెముకలు చేతికి తగలాలె బిడ్డా, కంటికి కనబడొద్దు. దీనికి చేతికి గూడ తగుల్తలేవు," అన్నారు.

ఆయన సైకిలు వీధి మలుపు తిరిగిందో లేదో, గేదెలకు సూదులేసే మనిషికి సీమకుక్కల సంగతేం తెలుసన్నాడు నాన్న. నాన్న పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నిజం చెప్పాలంటే నేనూ నాన్న పక్షమే. ఇంటర్ చదువుతున్న దాన్ని, నాకైనా బుద్ధి ఉండొద్దూ?

ఆ వేసవిలో మా మేనత్త కుటుంబం వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు దాని చేత నమస్కారాలు పెట్టించుకున్నారు. సాయంత్రం మంచం మీద నుంచి దూకిన జిమ్మి కెవ్వుమని అరిచి కూలబడింది. లేవబోతే వెనక కాళ్లు తడబడి పక్కకు జారిపోతున్నాయి. నాన్నే దవాఖానాకు మనిషిని పరిగెత్తించాడు.

కబురందగానే కాంపౌండర్ గారు డాక్టరు గారిని వెంటబెట్టుకుని వచ్చారు. నేను అప్పుడే చెప్పాను కదా అన్న మాట ఆయన నోట రాలేదు. అది అనని మనుషులు ఎంతమంది ఉంటారు చెప్పండి! కాళ్లలో స్పర్శ ఇంకా ఉంది, కదలనివ్వకపోతే కోలుకోవచ్చు, లేదంటే చెప్పలేం అని డాక్టరు గారు మందు రాసి వెళ్లారు. ఆ కదలనివ్వకపోవడం అనే పనిని కాంపౌండర్ గారు నెత్తికెత్తుకున్నారు. మామిడికాయల చెక్కపెట్టెలో గోనెసంచి పరిచి, ఆరు వారాలు అందులోనే అన్నారు. బయటికి తీయాల్సొస్తే ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి, నడుము వంగకుండా ఎత్తడం మా అందరి చేతా పదేసి సార్లు చేయించారు. అరిసెలు బంద్. మెడకు గొలుసు తీయించి, ఎడ్ల మెడ పట్టెడలు కుట్టే ఆయన చేత ఛాతీకి తోలుపట్టీ కుట్టించారు. అరుగుకు వాలుగా చెక్క వేయించి, జారకుండా దాని మీద గోనె కొట్టించారు. నున్నటి గచ్చు మీద జంపఖానాలు పరిపించారు. మంచం కోళ్లు సగానికి కోయించారు. కొత్త మంచం కొయ్యొద్దని అమ్మ గొణిగింది గానీ, రంపం పట్టింది నాన్నే.

పెట్టెలో జిమ్మి ఏడుపు వినలేక అమ్మ రెండో వారమే మూత తీయబోయింది. సరిగ్గా అప్పుడే ఆయన వచ్చారు.

"ఇయ్యాల దాని ఏడ్పుకు కరిగిన్రనుకో అమ్మా, మళ్ల దాని నడక సూడరు," అన్నారు. అమ్మ పెట్టె పక్కనే చాప వేసుకుని పడుకుంది.

ఆరు వారాలూ ఆయన రోజు విడిచి రోజు వచ్చారు. దారిలోనేగా అనేవారు. దారీ కాదు, పాడూ కాదు, మా ఇల్లు ఊరికి ఈ చివర, ఆయనది ఆ చివర. పెట్టె తెరిచిన రోజు జిమ్మి నాలుగడుగులు వేసింది, వెనక భాగం కొంచెం వంకరగా. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ తర్వాత అది పదకొండేళ్లు సుఖంగా బతికింది. తర్వాత నేను పెంచిన కుక్కలన్నీ ఆయన పాఠంతోనే పెరిగాయి. ఇప్పటికీ ఎవరైనా కుక్కపిల్లని చంకల కింద పట్టుకుని వేలాడదీస్తే నా నోరు ఊరుకోదు.

కానీ నా కళ్లలో నిలిచిపోయింది పెట్టె తెరిచాక వచ్చిన ఆదివారం. కాంపౌండర్ గారు చర్చి నుంచి నేరుగా వచ్చి, తెల్ల చొక్కాలో, మా వసారాలో కుర్చీలో టీ తాగుతున్నారు. అప్పుడే మేనత్త మొగుడు మళ్లీ ఊరి నుంచి వచ్చి, నడుస్తోందటగా, ఏదీ మన జిమ్మి నమస్కారం అన్నాడు. పాపం అది పాత అలవాటున ముందు కాళ్లు లేపబోయింది. నాన్న గబుక్కున నేల మీద కూలబడి దాని ఛాతీ కింద చెయ్యి పెట్టి దించాడు. బావ ముందు ఏనాడూ తల వంచని మనిషి, నేల మీద కూర్చునే రెండు చేతులూ జోడించాడు.

"ఇక మా ఇంట్లో నమస్కారాలు నేనే పెడతాను బావా," అన్నాడు.

కాంపౌండర్ గారు టీ గ్లాసు కిటికీలో పెట్టి, కుర్చీలోంచి లేచి, ఆ తెల్ల బట్టలతోనే నాన్నకు ఎదురుగా నేల మీద కూర్చున్నారు. జిమ్మి తోకాడించుకుంటూ, కొంచెం వంకరగా, నాలుగు కాళ్ల మీద నడుచుకుంటూ ఆయన ఒళ్లోకి వెళ్లింది.